టోనర్ అయిపోయిన వారం

2016 లో మా దళంలో ఐటీ సెల్ నాకు అప్పజెప్పినప్పుడు చేతికొచ్చినవి ఒక తాళాల గుత్తి, రెండు రిజిస్టర్లు, ఒక ప్లాస్టిక్ బకెట్. సర్వర్ గదిలో ఏసీ నీళ్లు కారేది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ బకెట్ పారబొయ్యాలి. చార్జి లిస్టులో రాయని డ్యూటీ అది. ఒక్క పూట మర్చిపోతే నీళ్లు యూపీఎస్ దాకా పాకేవి.

దళం పేరు రాయను. కేంద్ర సాయుధ బలగాల్లో ఒకటి అనుకోండి. నాది శ్రీకాకుళం జిల్లా, టెక్కలి దగ్గర పల్లె. 1984 లో రేడియో ఆపరేటర్‌గా చేరాను. మోర్స్ కీ మీద టకటకా కొట్టుకుంటూ సర్వీసు మొదలుపెట్టినవాణ్ణి. అప్పట్లో సమాచార భద్రత అంటే సైఫర్ గదే. లోపలి నుంచి గడియ, కిటికీకి నల్లగుడ్డ, ఇనప్పెట్టెలో కోడ్ పుస్తకం. మెసేజి విప్పి రాసుకున్న కాగితాన్ని సాయంత్రం ఇద్దరి ఎదుట కాల్చేవాళ్లం. కాల్చి ఊరుకునేవాళ్లం కాదు, ఆ బూడిదని కూడా చేత్తో నలిపేవాళ్లం. కాలిన కాగితం మడతలో అక్షరాలు కనిపిస్తాయని మా ఉస్తాద్ చెప్పేవాడు. ముప్పై ఏళ్లు తిరిగేసరికి అదే రకం మెసేజి ఆఫీసు కంప్యూటర్లో, డెస్క్‌టాప్ మీద, ‘న్యూ ఫోల్డర్ 3’ లో పడి ఉండటం చూశాను. కాల్చేవాడూ లేడు, నలిపేవాడూ లేడు.

చార్జి తీసుకున్నాక మొదటి పని లెక్క. రిజిస్టర్ ప్రకారం మా క్యాంపులో 143 కంప్యూటర్లు ఉండాలి. ఒక హవల్దారుని వెంటబెట్టుకుని గది గదీ తిరిగితే 171 తేలాయి. ఎక్కువ తేలడం చూసి అతను సంబరపడ్డాడు, నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. రైఫిల్ ఒకటి తక్కువైతే క్యాంపంతా ఆ రాత్రి నిద్రపోదు. నిజానికి ఎక్కువైనా నిద్రపోదు, అది ఎక్కడిదో తేలాలి కదా. ఆయుధాల గదిని మేం కోత్ అంటాం. అక్కడ ప్రతి రైఫిల్‌కీ బట్ నంబర్ ఉంటుంది. ఎవడు తీసుకున్నాడు, ఎన్ని గంటలకు తీసుకున్నాడు, ఎన్ని తూటాలు, తిరిగి ఎప్పుడిచ్చాడు, అన్నీ రిజిస్టర్లోకి ఎక్కుతాయి. ఇదంతా పసిపిల్లాడికి చెప్పినట్టు ఎవరూ చెప్పక్కర్లేదు, రిక్రూట్ దశలోనే ఒంట్లోకి ఎక్కేస్తుంది. అదే మనుషులు కంప్యూటర్ దగ్గరికి వచ్చేసరికి దాన్ని కుర్చీ, బల్లల్లాగా చూస్తారు. ఎవరో దానంగా ఇచ్చినది, పాత యూనిట్ వాళ్లు వెళ్తూ వదిలేసినది, ఒక ఆఫీసరు బదిలీ మీద వస్తూ తెచ్చి ఇక్కడే మర్చిపోయినది. అలా చేరాయి ఆ 28.

కాబట్టి కోత్ పద్ధతే పెట్టాను. ప్రతి కంప్యూటర్‌కీ పెయింటుతో నంబరు. ఎవరి బల్ల మీద ఉందో వాళ్ల సంతకం. బయటి ఇంటర్నెట్‌కి వెళ్లే కేబుల్‌కి రెండు చివర్లా ఎర్ర టేపు, మా లోపలి నెట్‌వర్క్ కేబుల్‌కి నీలం టేపు. రహస్య కాగితాలు తయారయ్యే కంప్యూటర్‌కి ఇంటర్నెట్ తగలకూడదని రూలు ఎప్పటి నుంచో ఉంది. కానీ రెండు కేబుళ్లూ ఒకే బూడిదరంగులో ఉంటే, ఊడ్చేవాడి చీపురు తగిలి ఊడిపోయినప్పుడు క్లర్కు పాపం ఏది చేతికొస్తే అది గుచ్చేస్తాడు. టేపుకి ఖర్చు మూడొందల చిల్లర అయింది. నా సర్వీసులో నేను చేసిన పనుల్లో దీన్ని మించిన సైబర్ సెక్యూరిటీ ఇంకోటి లేదనుకుంటాను.

ఆ లెక్కలోనే విండోస్ ఎక్స్‌పీ మీద నడిచేవి ఇరవై పైచిలుకు బయటపడ్డాయి. ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8 తోనే సపోర్టు ఆపేసింది. పాత జీతాల బిల్లుల ప్రోగ్రామ్ వేరేదాంట్లో తెరుచుకోదని అకౌంట్స్ వాళ్లు వాటిని వదల్లేదు. నేను రోజూ వాటి గురించే మొత్తుకునేవాణ్ణి, నోట్ మీద నోట్ పెట్టేవాణ్ణి. అంతలో 2017 మే 12 వచ్చింది, శుక్రవారం. వానాక్రై, కంప్యూటర్లోని ఫైళ్లకి తాళం వేసి, తియ్యాలంటే డబ్బడిగే వైరస్.

రాత్రి టీవీలో బ్రిటన్ ఆసుపత్రులు ఆగిపోయాయని చూపిస్తున్నారు. మరుసటి రోజుకి ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయని వార్త వచ్చింది. శనివారం పొద్దున్నే లుంగీ మీదే సర్వర్ గదికి పరిగెత్తి నెట్‌వర్క్ స్విచ్‌లోంచి కేబుళ్లు ఒక్కొక్కటీ పీకాను. అది 445 పోర్టు, అంటే కంప్యూటర్లు ఫైళ్లు పంచుకునే దారి గుండా ఒక కంప్యూటర్ నుంచి పక్కదానికి తనంతట తనే పాకే రకం. ఎవరూ ఏదీ క్లిక్ చెయ్యక్కర్లేదు. నా వరకు ఆ పూట తెలిసిన వైద్యం ఒక్కటే, తీగ పీకెయ్యడం. ఇంగ్లండ్‌లో మార్కస్ హచిన్స్ అనే 22 ఏళ్ల కుర్రాడు దాని కోడ్‌లో ఉన్న ఒక వెబ్ అడ్రస్‌ని కొద్ది డాలర్లకి రిజిస్టర్ చేస్తే దాని వ్యాప్తి ఆగిందని తర్వాత తెలిసింది.

సోమవారానికి ఒక్కొక్క కంప్యూటరూ చూసుకుంటూ వెళ్తే మా అదృష్టం కొద్దీ ఏదీ పోలేదు. కానీ అప్పుడు నాకు సిగ్గేసిన విషయం ఒకటి ఉంది. దీనికి ప్యాచ్, అంటే ఆ కన్నం పూడ్చే అప్‌డేట్, మార్చి 14 నే, అంటే రెండు నెలల ముందే వచ్చేసింది. మా విండోస్ 7 కంప్యూటర్లలో సగానికి అది ఎక్కలేదు. ఎందుకంటే అప్‌డేట్ నడుస్తుంటే నెట్ నెమ్మదిస్తోందని సెక్షన్ల వాళ్లు ఆపించేశారు. ఆపినవాడు మా ఐటీ సెల్ కుర్రాడే, అడిగితే కాదనలేక. ఆ దాడిలో ప్రపంచమంతటా ఎక్కువగా పడినవి విండోస్ 7 కంప్యూటర్లేనని లెక్కలు తేలాయి. నేను ఏడాదిపాటు ఎక్స్‌పీ, ఎక్స్‌పీ అని అరిచాను. దొంగ ఇటు కొత్త తలుపులోంచి వచ్చేవాడే.

ఇక టోనర్, అంటే ప్రింటర్‌లో వేసే సిరాపొడి సంగతి.

2018 ఎండాకాలం. హైదరాబాద్ శివార్లలో మా క్యాంపు. గేటు దాటి రోడ్డు అవతల ఒక జిరాక్స్ షాపు, పక్కన మిర్చి బజ్జీల బండి. మా అమ్మాయి కాలేజీ అప్లికేషన్‌కి జిరాక్స్‌లు కావాల్సి వచ్చి సాయంత్రం మఫ్టీలో వెళ్లాను. ముందు నలుగురున్నారు. నిలబడి ఊరికే షాపు కుర్రాడి మానిటర్ వైపు చూస్తున్నాను. డెస్క్‌టాప్ నిండా ఫైళ్లు. ఎవరిదో పెళ్లి శుభలేఖ, ఆధార్‌లు, పాన్‌లు, ఒక సెల్ఫ్ డిక్లరేషన్, దాని పక్కన ఒక ఎక్సెల్ ఫైలు. పేరు చదివేసరికి ఒళ్లు జలదరించింది. మా జవాన్ల కంపెనీ ఒకటి ఆ వారం ఎక్కడి నుంచి ఎక్కడికి కదలాలో, ఎన్ని బండ్లో, ఎంతమందో ఉన్న ఫైలు అది.

నా వంతు వచ్చాక ఆ ఫైలు ఎక్కడిదని అడిగాను. కుర్రాడు తలెత్తకుండానే చెప్పాడు. “మీ క్యాంపు సారొకాయన పెన్ డ్రైవ్ తెచ్చిండు సార్. డెస్క్‌టాప్ మీద ఏస్తేనే మాది ప్రింటు దిగుతది. రోజూ మీవాళ్లు వస్తనే ఉంటరు. నేనేం సూడ.”

అతను చూడడనే నా నమ్మకం. కానీ ఆ కంప్యూటర్ మాత్రం అన్నీ చూస్తుంది. దగ్గర నిలబడి ఆ ఫైలు తీయించాను, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయించాను. అప్పుడు బిన్‌లో మావే ఇంకో ఆరు కనిపించాయి. ఆ రాత్రి అన్నం సయించలేదు.

పెన్ డ్రైవ్ గురించి నాకు కొత్తగా తెలిసిందేమీ లేదు. 2008 లో అమెరికా సైన్యం మధ్యప్రాచ్యంలోని ఒక స్థావరంలో లాప్‌టాప్‌కి గుచ్చిన ఫ్లాష్ డ్రైవ్ వల్లే రహస్య నెట్‌వర్క్ దాకా వైరస్ పురుగు పట్టించుకుంది. వెంటనే పెన్ డ్రైవ్‌లు మొత్తం నిషేధించారు, 2010 లో మళ్లీ షరతులతో వదిలారు. మనకి ఇంకా దగ్గరిది, 2012 లో విశాఖ తూర్పు నౌకాదళ కమాండ్ కంప్యూటర్ల గురించి పత్రికల్లో వచ్చిన కథనం. అందులో రాసింది ఏమంటే, వైరస్ పెన్ డ్రైవ్‌లో కంటికి కనపడని ఫోల్డర్ ఒకటి చేస్తుంది. నెట్ లేని కంప్యూటర్లోంచి కొన్ని మాటలున్న ఫైళ్లు ఏరుకుని దాంట్లో దాచుకుంటుంది. ఆ డ్రైవ్ నెట్ ఉన్న కంప్యూటర్‌కి తగలగానే బయటికి పంపేస్తుంది. మన ఇంటి పెన్ డ్రైవే దానికి రిక్షాబండి.

మర్నాడు ఆ క్లర్కుని పిలిచాను. హెడ్ కానిస్టేబుల్, పదిహేనేళ్ల సర్వీసు, గుంటూరు వైపు మనిషి. గదిలో ఎవరూ లేనప్పుడు నన్ను అన్నా అనేవాడు. ఆ రోజు మాత్రం సావధాన్‌లో నిలబడి సార్ అన్నాడు. కళ్లలో నీళ్లు.

“టోనర్ అయిపోయి మూడు వారాలైంది సార్. కావాలని ఇండెంట్ పెట్టాను. పొద్దున పదింటికల్లా మూవ్‌మెంట్ ఆర్డర్ టేబుల్ మీద ఉండాలన్నారు. నేనేం చెయ్యను?”

ఇండెంట్ కాగితం తెప్పించి చూశాను. నిజమే. ఒక సెక్షన్లో పది రోజులు పడుకుంది. అక్కడ లేచి ఇంకో సెక్షన్‌కి వెళ్లి, రేటు ఎందుకు ఎక్కువుందని అడిగించుకుని వెనక్కి వచ్చింది. రెండోసారి వెళ్లి అక్కడే కూర్చుంది. రూలు పుస్తకం ప్రకారం తప్పు హెడ్ కానిస్టేబుల్‌ది. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ వేస్తే ఇంక్రిమెంట్ పోతుంది. ఆ కాగితం మీద పడుకున్నవాళ్లకి ఏమీ కాదు.

నేను రాసిన నోట్‌లో మొదటి పేరా టోనర్ గురించే పెట్టాను. పెన్ డ్రైవ్ రెండో పేరాలోకి పోయింది. పైన ఒక అధికారి ‘ఐటీ సెల్ స్టేషనరీ గురించి ఎందుకు రాస్తోంది’ అని ఎర్ర ఇంకుతో ప్రశ్న వేశారు. సమాధానంగా జిరాక్స్ షాపులో చూసిన ఫైలు పేరు ఒక్కటి రాసి పంపాను. నాలుగు రోజుల్లో టోనర్లు వచ్చాయి. ప్రతి సెక్షన్‌కీ ఒకటి స్పేర్ ఉండాలని ఆర్డర్ కూడా వచ్చింది. క్లర్కుకి రాతపూర్వక హెచ్చరికతో సరిపెట్టారు. అది కూడా ఎక్కువేనని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఆ తర్వాత పెన్ డ్రైవ్‌లు కోత్ దారికే వచ్చాయి. దళం తరఫున 40 కొన్నాం. ఒక్కోదానికి నంబరు చెక్కించి, మిగతా ఏ పెన్ డ్రైవ్ గుచ్చినా కంప్యూటర్ పట్టించుకోకుండా సెట్ చేశాం. జవాన్లు, క్లర్కులు వారంలో అలవాటు పడ్డారు. ఇబ్బందంతా పైన. ఒక ఆఫీసరు గారికి ఇంటి నుంచి తెచ్చిన డ్రైవ్‌లో ప్రజెంటేషన్ ఉంది, ఇంకొకరికి ఫొటోలు ఉన్నాయి. “ఒక్కసారికి ఓపెన్ చెయ్యి” అంటారు. నేను ఇన్‌స్పెక్టర్ని, ఆయన భుజం మీద ఎన్ని నక్షత్రాలున్నాయో లెక్కపెట్టుకుని నోరు మెదపాలి. కాదు అనే మాట మా ఉద్యోగంలో కింది నుంచి పైకి వెళ్లదు. అందుకని ఒక రిజిస్టర్ తెరిచాను. తేదీ, టైము, కంప్యూటర్ నంబరు, ఎందుకు తెరవమన్నారు, ఎవరి ఆదేశం, సంతకం. “తప్పకుండా సార్, ఇక్కడ ఒక్క సంతకం” అని ముందు పెట్టేవాణ్ణి. మొదటి నెలలో తొమ్మిది సంతకాలు పడ్డాయి. మూడో నెలలో ఒకటి. ఆ తర్వాత ఆ రిజిస్టర్‌కి దుమ్ము పట్టింది.

జవాన్లకి చెప్పాల్సింది సాయంత్రం రోల్ కాల్‌లో చెప్పేవాణ్ణి. ఫిషింగ్, అంటే నమ్మించి క్లిక్ చేయించే దొంగ మెయిల్, అంటే ఎవరికీ ఎక్కదు. ఎరని చూసి చేప వస్తుంది, గాలాన్ని చూసి రాదు కదా, అని మొదలుపెడితే వింటారు. మనవాళ్లకి తగిన ఎర ఏదో పాకిస్తాన్ వైపు ముఠాలకి బాగా తెలుసు. ప్రభుత్వ మెయిల్‌లోకి వెళ్లడానికి ‘కవచ్’ అనే యాప్ వాడమన్నారు. కొన్నాళ్లకే దాని పేరుతో నకిలీవి తయారయ్యాయి. ట్రాన్స్‌పరెంట్ ట్రైబ్ అని సెక్యూరిటీ కంపెనీలు పేరుపెట్టిన ముఠా పని అది. తాళం కప్ప పేరు చెప్పి దొంగ తాళం అమ్మినట్టు. జీతం, పెన్షన్, సెలవు, ఇవే వాళ్ల ఎరలు.

ఒకసారి అనుమతి తీసుకుని నేనే ఉత్తుత్తి మెయిల్ పంపాను. సబ్జెక్టు ‘ట్రాన్స్‌ఫర్ లిస్ట్, తాజా’. పదకొండింటి చాయ్ లోపు క్లిక్ చేసినవాళ్ల పేర్లు రెండు పేజీలైంది. మూడేళ్లుగా ఇంటికి దగ్గరి పోస్టింగ్ కోసం ఎదురుచూసే మనిషిని ఆ రెండు మాటలు చూపించి ఆగమంటే ఎలా ఆగుతాడు? ఆ లిస్టు చించేశాను, పేర్లు పైకి పంపలేదు. మా ఐటీ సెల్ కుర్రాడి పేరు కూడా అందులో ఉంది మరి.

ఫోన్ల సంగతి ఇంకా కష్టం. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఇంటెలిజెన్స్ పోలీసులు ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’ పేరుతో ఏడుగురు నావికాదళ సిబ్బందిని పట్టుకున్నారు. ఫేస్‌బుక్‌లో ఆడపేర్లతో పరిచయమై సమాచారం లాగారన్నది అభియోగం. వెంటనే నావికాదళం తన స్థావరాల్లో, నౌకల్లో స్మార్ట్‌ఫోన్లు, ఫేస్‌బుక్ నిషేధించింది. మరుసటి ఏడాది జులైలో సైన్యం 89 యాప్‌లు తీసెయ్యమంది. మా దగ్గర కూడా ఆ లిస్టు చదివి వినిపించాం. వెనక వరసలో ఒక కుర్రాడు “సాబ్, అయితే పాపని వీడియోలో ఎలా చూడాలి” అన్నాడు. అతనికి పాప పుట్టి రెండు నెలలు, ఇంకా చూడలేదు. దానికి నా దగ్గర ఆర్డర్ కాగితం తప్ప ఇంకేమీ లేదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది గడియారం. 2022 ఏప్రిల్ 28 న సెర్ట్-ఇన్, అంటే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ ఆదేశాలొచ్చాయి. వాళ్ల జాబితాలో ఉన్న సైబర్ ఘటన ఏదైనా తెలిసిన 6 గంటల్లో చెప్పాలి, లాగ్‌లు, అంటే ఏ పని ఎప్పుడు జరిగిందో కంప్యూటర్ రాసుకునే లెక్కలు, 180 రోజులు ఉంచాలి, అన్ని కంప్యూటర్ల గడియారాలూ ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ అనే ప్రభుత్వ సంస్థల సర్వర్ల టైముతో కలపాలి. మొదటి రెండూ అందరూ పట్టించుకున్నారు, మూడోది ఎవరికీ పెద్ద విషయంగా అనిపించలేదు. నాకు కూడా.

కొన్నాళ్లకి ఒక సెక్షన్లో అనుమానం మెయిల్ ఎవరో తెరిచారు. లాగ్ ప్రకారం 10:42. సీసీ కెమెరాలో 10:42 కి ఆ బల్ల దగ్గర ఒక కానిస్టేబుల్ కూర్చుని ఉన్నాడు, ఇరవై మూడేళ్లవాడు. నాది కాదు సాబ్ అంటాడు, ఎవరూ నమ్మరు. మధ్యాహ్నం దాకా డిప్యూటీ కమాండెంట్ గది బయట నిలబెట్టారు. నాకెందుకో గుచ్చుకుని రెండు గడియారాలూ పక్కపక్కన పెట్టి చూశాను. కెమెరా రికార్డర్ 11 నిమిషాలు ముందు నడుస్తోంది. సర్దుకుని చూస్తే 10:42 కి ఆ కుర్చీలో ఉన్నది వేరే మనిషి, అతనికి పైవాడు. కుర్రాణ్ణి పిలిచి తప్పయిపోయిందని చెప్పాను. “కోయి బాత్ నహీ సాబ్” అన్నాడు, కానీ తర్వాత ఎప్పుడూ నా కళ్లలోకి చూసి సెల్యూట్ కొట్టలేదు. ఆ రాత్రే మొత్తం గడియారాలన్నీ కలిపాం. గేటు దగ్గర సంత్రీ గోడ గడియారంతో సహా.

2023 లో రిటైర్ అయ్యాను. చార్జి ఇవ్వడానికి మూడు రోజులు పట్టింది. కంప్యూటర్లు సరిపోయాయి. పెన్ డ్రైవ్‌లు 40 కి 39 తేలాయి. 17 వ నంబరుది దొరకలేదు, దానికి డిస్క్రెపెన్సీ రిపోర్టు రాసి సంతకం పెట్టే బయటికొచ్చాను. బకెట్ కూడా చార్జి లిస్టులో రాయించాను, కొత్తాయన నవ్వాడు.

పోయిన నెల ఆయనే ఫోన్ చేశాడు. సర్వర్ గది రెండో తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుందామని. చెప్పాను. పెట్టేసే ముందు అలవాటు కొద్దీ అడిగాను, టోనర్లు ఉన్నాయా అని.

“స్పేర్‌వి రెండు వచ్చాయి సార్. ఒకటి అప్పుడే పై ఆఫీసు వాళ్లు పట్టుకెళ్లారు.”

“సంతకం?”

అవతల కాసేపు మాట లేదు. తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.